212వ రాయి దగ్గర ఎదురుబండ్లు

నడక 3901. ఫిబ్రవరి 7.

ఐదింటికి బయలుదేరాను. 208వ రాయి నుంచి 216వ రాయి వరకు ఎనిమిది కిలోమీటర్లు నాది. పట్టా క్లిప్పులు రెండు వదులైతే సుత్తితో కొట్టి బిగించాను. 210 దగ్గర కంచె కింద అడవిపంది తవ్విన గొయ్యి పూడ్చాను.

7:12కి 212వ రాయి దగ్గర ఎగువ బండీ దిగువ బండీ ఎదురెదురుగా దాటాయి. రెండూ గంటకు మూడు వందల ఇరవై మీద ఉన్నాయి. అంత వేగంలో ఒకదాన్నొకటి దాటడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్ల కోసం కంచె అవతల కళ్లంలో పద్దెనిమిది మంది ఆడవాళ్లు చేటలు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. గాలి కొట్టగానే వంచారు. కొర్రలు దగ్గర పడ్డాయి. ఊక దూరంగా పోయింది. చేటలు మళ్లీ నింపుకుని 9:40 జత కోసం నీడకు పోయి కూర్చున్నారు.

కోతల కాలంలో మా వైపు గాలి ఆగిపోయి పదకొండేళ్లయింది. పగటి కరెంటు రైలు లైనుకు పోతుంది. ఊరికి సాయంత్రం వచ్చే రెండు గంటలు నీళ్లు తోడుకోవడానికే సరిపోవు. అందుకని మా ఊరు పిచికలదిన్నెలో బండ్ల గాలితోనే తూర్పార పడతారు. ఒక బండి గాలికి ఊక కదలదు. రెండు బండ్లు ఒకచోట దాటాలి. ఇప్పుడు రోజుకు మూడు జతలు 212 దగ్గర దాటుతున్నాయి.

బండ్లు పోయాక కంకర మీద మూరెడు రబ్బరు పట్టీ దొరికింది. బోగీ కిటికీ అద్దం చుట్టూ ఉండే పట్టీ. ఈ వారంలో ఇది మూడోది. సంచిలో వేసుకుని, పేజీ ఫొటో తీసి, బండ్లను నడిపే యంత్రానికి, అంటే కేంద్రానికి పంపాను. పట్టాల పక్కనుండే పెట్టె బండ్లు దాటినప్పటి గాలి దెబ్బను అంకెగా దానికి చెబుతుంది.

కేంద్రం జవాబు: "212 పెట్టె అంకె 41. హద్దు 100. చర్య అవసరం లేదు."

నడక 3902. ఫిబ్రవరి 8.

ఇంకో పట్టీ దొరికింది. దాంతోపాటు గోరంత అద్దం ముక్కలు ఐదు.

216 దగ్గర తిప్పన్న కలిశాడు. అక్కడి నుంచి అవతలి ఎనిమిది కిలోమీటర్లకు అతను నాలాగే పట్టాలు చూసుకునే కీమ్యాన్.

"ఏం మద్దిలేటన్నా, రబ్బరు యాపారం ఎట్ల జరుగుతాండాది?" అన్నాడు.

"నాలుగైనాయి. నీ తావ?"

"నా తావ ఒగటీ ల్యా. నాకూ దినానికి రెండు జతలు దాటుతాయి గదా. పెట్టె అంకె డెబ్బై ఎనిమిది చూపిస్తాది. నీ తావ నలభై ఒగటే. దెబ్బ తక్కువ తగిలే చోట రబ్బరు ఎక్కువ రాలేది ఏంది?"

"ఏమో."

"నువ్వు ఏమో అంటివంటే లోపల ఏందో ఉండాదని. నీ నోట్లోంచి మాట రావల్లంటే కేంద్రం ఉత్తర్వు రావల్లని మా ఇంట్లోది అంటాంటాది."

నేను నవ్వి వెనక్కి తిరిగాను. తిరుగు నడకలో ఎనిమిది కిలోమీటర్లూ అదే లెక్క తలలో తిరిగింది.

నడక 3904. ఫిబ్రవరి 10.

కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఈ నెల 20 నుంచి అన్ని బండ్లూ గంటకు 400 కిలోమీటర్ల వేగంతో నడుస్తాయి. ఆ వేగంలో ఎదురుబండ్లు దాటడానికి తగిన చోటు లైను మొత్తం మీద 212 ఒక్కటే. అక్కడి పెట్టె అంకె అన్నిటికంటే తక్కువ. కనుక రోజుకు పద్నాలుగు జతలూ 212 వద్దే దాటేలా సమయాలు మార్చబడ్డాయి."

నేను ఉత్తర్వు చదువుకుని 212 చేరేసరికి ఊరికి ముందే తెలిసిపోయింది. కళ్లంలో ఎవరో పాట అందుకున్నారు. మా వదిన సుంకులమ్మ కంచె దగ్గరికి వచ్చింది. మా అన్న పోయినప్పటి నుంచీ కళ్లం పెత్తనం ఆమెదే.

"పద్నాలుగు జతలంట గదా మరిదీ! నాలుగు దినాల్లో కళ్లం ఖాళీ. ఇరవై ఆరున వాన పడితే పడనీ, ఇంగ నాకేం భయం?"

మేఘాల్ని మండలానికో రోజు వంతులేసి కురిపిస్తారు, మా మండలం వంతు ఈసారి 26న. వంతు రోజు ఎవరడిగినా వాన ఆగదు. పోయినేడు ఆ రోజుకు ముప్పై బస్తాలు ఊకతోనే కళ్లంలో ఉండిపోయాయి. తడిసి, మూడో రోజుకు మొలకలెత్తాయి. వేసవి చివర రెండు నెలలు ఊళ్లో ఒక పూటే పొయ్యి వెలిగింది.

"నాలుగు వందల మీద పోతాయి వదినా" అన్నాను.

"పోనీలేప్పా. ఎంత బిరీన పోతే అంత గాలి. నీకేం నొప్పి?"

నా పక్కనే పట్టాల అంచున 212 పెట్టె ఉంది. ఎర్రమట్టితో అలికి, ఎండి, పుట్టలాగా ఉంది. ఆమె చేతి వేళ్ల గీతలు దాని మీద కనబడుతున్నాయి.

నడక 3905. ఫిబ్రవరి 11.

ఈ పుస్తకంలో నేను రాయకుండా వదిలేసింది ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నాను.

పెట్టెకు ముందువైపు జల్లెడ చిల్లులుంటాయి. బండ్లు దాటినప్పుడు గాలి దెబ్బ ఆ చిల్లుల్లోంచి లోపలి రేకుకు తగులుతుంది. దాన్నిబట్టి అంకె వస్తుంది. బండి తోక దాటాక గాలి వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడుకు కళ్లంలోని ఊక లైను మీదికి వచ్చి చిల్లుల్లో కూరుకుపోయేది. రోజూ తుడవాల్సి వచ్చేది.

రెండేళ్ల కిందట వదినతో అన్నాను, మీ ఊకతో నా నడుం విరుగుతోందని. మర్నాడు ఆమె గోనెపట్టాతో, పేడతో, ఎర్రమట్టితో వచ్చింది. గాదెకు అలికినట్టే పెట్టెకు పట్టా చుట్టి అలికింది. లోపల ఉమ్మదం పట్టి చెమ్మ చేరకుండా వేలు దూరేంత చిల్లులు నాలుగు వదిలింది. కంచె గేటు తీసింది నేను. నీళ్లు తెచ్చి ఇచ్చింది నేను. బాగా కుదిరింది వదినా అన్నది కూడా నేనే. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు అలుకుతోంది. ప్రతిసారీ గేటు నేనే తీస్తున్నాను.

అలికిన రోజున అంకె సగానికి పైగా పడిపోయింది. అంకె పెరిగితే మనుషులు వస్తారు. తగ్గినందుకు ఎవరూ రాలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఆ మరుసటి ఏడు ఊరివాళ్లు కంచె వెంబడి రెండు నిలువుల మట్టిగోడలు పెట్టారు. మధ్యలో ఇరవై గజాల సందు వదిలారు. గాలి సందులోంచి కళ్లంలోకి బాగా దూకుతుందని. ఆ గోడలకు కొట్టుకుని దెబ్బ మళ్లీ బండ్ల మీదికే వస్తుందేమో అని అప్పుడు ఎవరమూ అనుకోలేదు.

212 దగ్గర దెబ్బ నిజంగా ఎంతో రెండేళ్లుగా ఎవరికీ తెలియదు. నాకు కూడా తెలియదు. తెలియని ఆ అంకె పట్టుకుని పద్నాలుగు జతలను ఇక్కడికి తెచ్చారు. ఒక్కో బండిలో పదకొండు వందల మంది ఉంటారు.

నడక 3906. ఫిబ్రవరి 12.

ఆరున్నరకు బొరిగెతో మట్టి గీకి, పట్టా కోసేశాను. లోపల చిల్లులన్నీ గట్టిపడిన మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. సూదితో ఒక్కొక్కటే తీశాను.

వదిన కంచె దగ్గరికి పరుగున వచ్చింది.

"ఏం జేస్తాండావు? సంక్రాంతి ముందరే గదా అలికింది!"

"అంకె చూడల్ల."

"మట్టి అడ్డముంటే అంకె కనపడదా? దానికేమైనా కండ్లుండాయా?"

"కండ్లు కాదు వదినా. చెవులనుకో."

ఆమె పెట్టె వంక చూసి వెళ్లిపోయింది.

7:12 జతకు అంకె 94. 9:40 జతకు 95. మధ్యాహ్నం జతకు 94.

వెంటనే కేంద్రానికి రాశాను. జవాబు: "212 పెట్టెలో ఆకస్మిక మార్పు. పెట్టె లోపంగా గుర్తించబడింది. కొత్త పెట్టె మార్చి 3న వస్తుంది. అంతవరకు రెండేళ్ల సగటు 41 వాడబడుతుంది."

పెట్టె బాగానే ఉందనీ, రెండేళ్లు దాని మీద కప్పు ఉన్నదనీ రాశాను.

జవాబు: "కప్పు ఉన్నట్టు గత 712 నడకల్లో ఎక్కడా నమోదు లేదు."

ఆ మాట నిజమే. ఆ 712 నడకలూ రాసింది నేనే.

నడక 3908. ఫిబ్రవరి 14.

7:12 జతలో దిగువ బండి ఐదో బోగీ కిటికీ పైఅద్దం ఊడి కళ్లంలో పడింది. పలకగా పడలేదు. సందులోంచి పొడిపొడిగా, వడగళ్లలాగా వచ్చింది. చేట పట్టుకున్న గంగులమ్మకు మోచేయి దగ్గర కోసుకుపోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. మిగతావాళ్లు చేటలు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు.

తూర్పార పట్టిన కుప్పలో అద్దం కలిసింది. పదకొండు బస్తాలు. జల్లించి చూశారు. కొర్రగింజంత ముక్కలు గింజలతోపాటే జల్లెడ దిగుతున్నాయి. పశువులకు కూడా పెట్టడానికి లేదు. గొయ్యి తీసి పూడ్చారు.

పూడ్చడం అయ్యాక వదినకు మొత్తం చెప్పాను. బండ్ల అద్దాలకు రెండు పొరలుంటాయి. ఇవాళ పోయింది పైపొర. ఎండకు రబ్బరు ఎండిపోయి ఉంది. నాలుగు వందల మీద దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. లోపలి పొర కూడా పోతే, ఎదురుబండి దాటుతున్న ఆ రెండు సెకన్లలో, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల గతి చెప్పాల్సిన పని లేదు.

ఆమె చేతులకు మట్టి ఆరలేదు.

"అలికిన దినం బాగుండాదంటివే."

"అంటి."

"ఇప్పుడు తప్పు నాదంటావా?"

"నాది. పెట్టె నాది. గేటు తీసినోడిని నేను."

"తప్పు ఎవరిదైనా పోయేది మా కళ్లమే గదా మరిదీ. ఈడ బండ్లు ఎదురుపడొద్దంటే మేము యాడ తూర్పార బట్టల్ల? ఆ పదకొండు బస్తాలు పూడ్సినట్ల, ఇరవై ఆరుకు ఉండేదంతా పూడ్సల్లనా?"

నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

"జవాబు లేకుండానే ఆపుతావా?"

"ఆపుతాను."

ఆమె గంప ఎత్తుకుని పోయింది.

ఇవాళ సెక్షన్ ఆఫీసర్ జహీరా మేడమ్‌కు ఫోన్ చేశాను. కేంద్రం కాదు, మనిషి. 17న వస్తానన్నారు.

నడక 3911. ఫిబ్రవరి 17.

జహీరా మేడమ్ ట్రాలీ మీద వచ్చారు. దెబ్బ కొలిచే చేతిపెట్టె తెచ్చారు. 7:12కి కొలిచారు. 95. నా పెట్టె 94. కంకర మీదే కూర్చుని కాగితం మీద లెక్క వేశారు.

"మూడు వందల ఇరవైకి తొంభై నాలుగు. నాలుగు వందలకు నూట నలభై ఏడు. హద్దు వంద" అన్నారు. "గోడలు తీసేసినా తిప్పన్న దగ్గరున్నట్టు డెబ్బై ఎనిమిది ఉంటుంది. దానికే నూట ఇరవై రెండు వస్తుంది. అంటే ఈ లైను మీద నాలుగు వందల్లో ఎదురుబండ్లు దాటే చోటే లేదు మద్దిలేటి గారూ. నలభై ఒకటి చూసి ఉందనుకున్నాం."

"ఇరవైన ఆపండి మేడమ్."

"నా చేతిలో ఉంటే ఇప్పుడే ఆపేదాన్ని. నా రిపోర్టు కమిటీకి పోవాలి. ముప్పై రోజులు పడుతుంది. అది కూడా నిలబడాలి కదా. రెండేళ్ల నలభై ఒకటి ముందు నా ఒక్కరోజు కొలత పెడితే, ఆ రోజు గాలి ఎక్కువ ఉందంటారు. పాత రుజువు ఏదైనా ఉందా?"

నా దగ్గర ఏముంది? 712 పేజీల్లో లేదు.

"రాళ్లుండాయి" అన్న మాట కంచె అవతల నుంచి వచ్చింది. వదిన. ఎప్పుడొచ్చి నిలబడిందో చూడలేదు.

"ఏం రాళ్లమ్మా?" అన్నారు మేడమ్.

"గింజ పడే తావు రాళ్లు. యాడ గింజ పడుతాదో తెలిస్తేనే గదా పట్టా పరిసేది. ప్రతి ఏడూ మొదటి దినం చూసి ఒగ రాయి పెడతాము. పాతవి తియ్యము. వచ్చి చూడు."

మేడమ్ గేటు దాటి కళ్లంలోకి వెళ్లారు. నేనూ వెళ్లాను. నాలుగేళ్లుగా ఆ రాళ్ల పక్కనుంచే నడుస్తున్నాను, అవి కూర్చోవడానికి వేసుకున్నవి అనుకున్నాను. సందు దగ్గర నుంచి వరసగా నాలుగు గుండురాళ్లు. ఒక్కోదానికి సున్నం బొట్టు.

"మొదటిది మేము నిలబడే తావ నుంచి నాలుగు అడుగులు. బండ్లు రెండు వందల ఎనభై మీద పోయేటప్పుడు. రెండోదీ అంతే, దాని పక్కనే ఉండాది. ఆ ఏడే పెట్టె అలికినాను. మూడోది ఆరు అడుగులు. మూడు వందల ఇరవై చేసిన ఏడు. నాలుగోది ఎనిమిది, గోడలు పెట్టినాక." ఆమె ఒక్కో రాయి మీద కాలు పెట్టి చూపించింది. "పెట్టె ఏమో దెబ్బ సగమైందని చెప్పె. గింజలు దూరం పోతానే ఉండె. గింజలు అబద్దం చెప్పవు గదా మేడమ్."

మేడమ్ టేపు తీసి రాళ్ల మధ్య దూరాలు కొలిచారు. ఫొటోలు తీశారు. నేల మీద మోకాళ్లూని రాయి కింద గడ్డి వేళ్లు ఎంత లోతు పోయాయో కూడా చూశారు, రాయి నిన్న మొన్న పెట్టింది కాదని రాయడానికి.

"గాలి వేరు, దెబ్బ వేరు. కానీ రెండూ కలిసే పెరుగుతాయి. ఇది చాలు" అన్నారు. లేచి దుమ్ము దులుపుకుని, "సుంకులమ్మగారూ, ఈ రాళ్లు చూపిస్తే ఇక్కడ మీకు గాలి పోతుంది. అది తెలిసే చెబుతున్నారా?" అని అడిగారు.

"తెలిసే చెప్తాండా. నేను అలికిన మట్టి మీద వాళ్లు లెక్క గట్టినారంట. తప్పుడు లెక్క అని నేను గాక ఎవరు చెప్పల్ల?"

ఆ తర్వాత ముగ్గురం వేపచెట్టు కింద కూర్చున్నాం. 20న ఏం చేయాలన్నదే మిగిలింది. ఒక దారి ఉంది. 208వ రాయి దగ్గరి కీమ్యాన్ గదిలో నిదానం తాళం ఉంటుంది. కీమ్యాన్ దాన్ని తిప్పి, కారణం రాసి సంతకం పెడితే అతని ఎనిమిది కిలోమీటర్లలో బండ్లన్నీ నూట అరవైకి దిగాలి. కేంద్రానికి కూడా దాన్ని తిప్పే వీల్లేదు. ఒక్క సంతకం ఒక్క రోజుకే. మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ తిప్పాలి.

"కారణం ఏం రాస్తారు?" అన్నారు మేడమ్.

"జరిగింది రాస్తాను."

"పెట్టె కప్పించానని రాస్తే ఆ రోజే మిమ్మల్ని పనిలోంచి ఆపుతారు. నేను అడ్డం పడలేను."

"ఇంకో కారణం ఏదైనా రాస్తే?"

"పరీక్షకు మనిషి వస్తాడు. కారణం నిజం కాదని తేలితే సాయంత్రానికి తాళం వెనక్కి తిప్పేస్తాడు."

"అయితే జరిగిందే రాస్తాను."

మేడమ్ వదిన ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

నడక 3913. ఫిబ్రవరి 19.

మూడు రోజులుగా ఊరంతా కళ్లంలోనే ఉంది. బడి పంతులు కూడా చేట పట్టాడు. అద్దం పడితే మొహానికి తగలకుండా చేటల వెనక గోనెలు కట్టుకున్నారు. ఇవాళ్టి మూడు జతలూ అయ్యేసరికి ఇంకా అరవై రెండు బస్తాలు ఊకతో మిగిలాయి.

రబ్బరు పట్టీలు రెండు దొరికాయి.

నడక 3914. ఫిబ్రవరి 20.

ఆరింటికి నిదానం తాళం తిప్పాను. కారణం గడిలో రాసింది ఇది:

"212 పెట్టెను రెండేళ్లు గోనెతో, మట్టితో కప్పించాను. పుస్తకంలో రాయలేదు. దాని అంకె 41 తప్పు. నిజం అంకె 94. నాలుగు వందల మీద ఇక్కడ ఎదురుబండ్లు దాటితే ప్రమాదం. బి. మద్దిలేటి, కీమ్యాన్."

కేంద్రం కారణాన్ని ధ్రువీకరించమంది. ధ్రువీకరించాను. ధ్రువీకరణకు పర్యవసానాలు ఉంటాయని చెప్పి మళ్లీ అడిగింది. మళ్లీ ధ్రువీకరించాను.

"పరికరం కప్పినట్టు అంగీకారం నమోదైంది. నేటి నడక ముగియగానే కీమ్యాన్ విధుల నుంచి నిలిపివేత."

నడక మొదలుపెట్టాను. 7:12కి 212 దగ్గర ఏ బండీ లేదు. 7:19కి రెండూ వచ్చాయి. నూట అరవై మీద. దాదాపు పదకొండేళ్ల నడకల్లో మొదటిసారి దాటుతున్న బండ్ల కిటికీల్లో మొహాలు కనబడ్డాయి. ఒకతను టీ కప్పు పట్టుకుని కళ్లం వైపు చూశాడు. టీ తొణకలేదు. అంకె 23.

ఆడవాళ్లు అలవాటుగా చేటలు వంచారు. గింజలూ ఊకా కలిసి వాళ్ల కాళ్ల దగ్గరే పడ్డాయి.

తిప్పన్న తన నడక ముగించుకుని ఇటు వచ్చాడు. నా సంచి తీసుకుని భుజాన వేసుకున్నాడు. "రేపు తాళం ఎవరు తిప్పుతారన్నా? నా గీత అవతలి తాళం నేను తిప్పకూడదు" అన్నాడు.

జహీరా మేడమ్‌ను ఫోన్‌లో అడిగాను. కొత్త కీమ్యాన్ వచ్చేసరికి నెల దాటుతుందట. అంతవరకు ఊరి వంతు. సెక్షన్‌లోని ఊరిలో చదవను, రాయను వచ్చి, ఎనిమిది కిలోమీటర్లు నడవగల పెద్దమనిషి ఎవరైనా పుస్తకం తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకపోతే రేపు ఆరింటికి తాళం దానంతటదే వెనక్కి తిరుగుతుంది.

కళ్లంలో అందరినీ కూర్చోబెట్టి ఆ మాట చెప్పాను.

గంగులమ్మ మొగుడు బీసప్ప లేచాడు. "చెప్తే తిట్టుకోవద్దండి. ఎవరూ తీసుకోకుంటే రేపు పద్నాలుగు జతల గాలి వస్తాది. ఐదు దినాలు చాలు, కళ్లం ఊడ్సి పెట్టొచ్చు. ఆ తర్వాత ఎవరో ఒగరు తాళం తిప్పితే సరిపోతాది. ఐదు దినాల్లో కొంప మునుగుతాదా?"

కొందరు తలలు ఊపారు. బీసప్ప చెడ్డవాడు కాదు. అతనికి నలుగురు పిల్లలు.

"నీ పెండ్లాం చెయ్యి ఎట్లుండాది బీసప్పా?" అంది వదిన కూర్చున్నచోటు నుంచే.

"మానుతాండాది."

"కుట్లు ఎప్పుడు తీస్తారంట?"

బీసప్ప కూర్చున్నాడు.

వదిన లేచి నా దగ్గరికి వచ్చింది. "పుస్తకం ఇట్ల ఇయ్యి."

"మోకాలి నొప్పి ఉండాది గదా వదినా. దినానికి ఎనిమిది కిలోమీటర్లు."

"నా మోకాలి సంగతి నీకేల? తొమ్మిది దాకా చదివినాను. నీ మాదిరి వంకర రాత కాదు నాది."

ఎవరో నవ్వారు. ఇచ్చాను. సుత్తి కూడా ఇచ్చాను.

నా నడకలు ఇంతటితో సరి.

నడక 1. ఫిబ్రవరి 21.

రాస్తున్నది సుంకులమ్మ, పిచికలదిన్నె.

ఆరింటికి తాళం తిప్పాను. సంతకం పెట్టాను. 208 నుంచి 216 దాకా నడిచాను. మద్దిలేటి వెనకాలే నడిచి ఎక్కడ ఏం చూడాలో చెప్పాడు. 211 దాటాక క్లిప్పు ఒకటి వదులుగా ఉంటే నేనే కొట్టాను. ఐదు దెబ్బలు పట్టింది.

7:19కి రెండు బండ్లు దాటాయి. అంకె 23. రబ్బరు ఏమీ రాలలేదు. అద్దం రాలలేదు.

కళ్లంలో అందరూ కూర్చుని చేటలతో చెరుగుతున్నారు. బీసప్ప కూడా చెరుగుతున్నాడు, అతనికి చేతకాదు, గింజ కింద పోస్తున్నాడు. పొద్దు గూకేసరికి ఏడు బస్తాలు అవుతాయి. ఇంకా యాభై ఐదు ఉంటాయి. వాన వంతుకు ఐదు రోజులుంది.

పదకొండింటికి కేంద్రం అడిగింది. ఒక్కో బండి ఏడు నిమిషాలు ఆలస్యమవుతోందట. తాళం వెనక్కి తిప్పడానికి వీలవుతుందా అని.

వీలుకాదని రాశాను.

పన్నెండింటికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే రాశాను.